ఎయిర్ సస్పెన్షన్‌లో కంప్రెసర్‌ది ఆఖరి వంతు

పదేళ్లు దాటిన ఆడి క్యూ7, మెర్సిడెస్ జీఎల్, పాత ఎస్ క్లాస్, ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3, ఎయిర్ సస్పెన్షన్ ఉన్నది ఏదైనా తీసుకోండి, వరస ఒకటే. స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు బ్యాగులు, వాటికి గాలి ఎక్కించే కంప్రెసర్, ఎయిర్ సస్పెన్షన్ అంటే ఇదే. తెల్లారేసరికి సెల్లార్లో పెట్టిన కారుకి ఒక మూల, అంటే ఒక చక్రం వైపు, కిందికి దిగిపోయి ఉంటుంది. స్టార్ట్ చేస్తే కింద బుర్రుమని శబ్దం వచ్చి మెల్లగా లేస్తుంది. కొన్ని నెలలు అలా నెట్టుకొస్తాం. ఒకరోజు అసలు లేవదు. షెడ్డుకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి రెండు నిమిషాల్లో తేల్చేస్తారు: "కంప్రెసర్ పోయింది సార్, మార్చేద్దాం." మారుస్తారు, కారు లేస్తుంది, బిల్లు కడతాం. ఏడాది తిరక్కుండానే మళ్లీ అదే మూల, అదే బుర్రు.

కంప్రెసర్ నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ అది ఎందుకు పోయిందన్నది ఆ బిల్లులో ఎక్కడా కనపడదు. పాత కార్లలో కంప్రెసర్ దానంతట అది చావడం తక్కువ. ఎక్కడో లీకు ఉంటుంది, ఆ లీకు దాన్ని చంపుతుంది. లీకు పట్టుకోకుండా కొత్తది బిగిస్తే రెండోదాన్ని కూడా అదే చావుకి అప్పగించినట్టు. అందుకే వెతికే వరస ముందు లీకు, తర్వాత రిలే (కంప్రెసరుకి కరెంటు ఇచ్చే స్విచ్చి), వైరింగు, సెన్సర్లు, ఆఖర్న కంప్రెసర్ అని ఉండాలి. చాలా షెడ్లలో ఇది సరిగ్గా తలకిందులుగా నడుస్తోంది.

ముందు మీ కారులో గాలి ఎక్కడుందో తెలుసుకోండి. 1998లో వచ్చిన డబ్ల్యూ220 ఎస్ క్లాస్, దాని తర్వాతి డబ్ల్యూ221, మొదటి తరం క్యూ7, డిస్కవరీ 3 లాంటి వాటిలో ఎయిర్ సస్పెన్షన్ ఉంటే నాలుగు చక్రాలకీ ఉంటుంది. బీఎండబ్ల్యూ ఎఫ్01, ఎఫ్02 సెవెన్ సిరీస్‌లో వెనక రెండింటికే గాలి, ముందు మామూలు స్ప్రింగులే. ముందు భాగం కిందికి దిగిందని సెవెన్ సిరీస్‌కి ఎయిర్ బ్యాగు కొటేషన్ ఇచ్చారంటే ఆ షెడ్డు నుంచి బండి తెచ్చేసుకోవచ్చు.

పని చేసే తీరు పెద్ద రహస్యమేం కాదు. కంప్రెసర్ బయటి గాలి పీల్చి, డ్రైయర్ గుండా తోసి, వాల్వ్ బ్లాకుకి పంపుతుంది. అక్కడ కరెంటుతో తెరుచుకునే చిన్న చిన్న సోలెనాయిడ్ వాల్వులు ఏ మూలకి గాలి కావాలో దానికి దారి ఇస్తాయి. ఎక్కువ కార్లలో ఒక ట్యాంకు కూడా ఉంటుంది, అందులో పదహారు బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) దాకా నిల్వ చేస్తారు. బ్యాగుల్లో బరువుని బట్టి ఆరు నుంచి పది బార్ మధ్య ఉంటుంది. ప్రతి చక్రం దగ్గరా లేదా ప్రతి ఇరుసుకీ ఒక లెవెల్ సెన్సర్ ఎత్తు కొలిచి కంట్రోల్ యూనిట్‌కి చెబుతుంది. కారు దిగాల్సి వస్తే బ్యాగులోని గాలి వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, డ్రైయర్ గుండానే బయటికి పోతుంది.

ఈ చివరి మాట మీద కాస్త ఆగాలి. విశాఖలో ఈ సిస్టమ్ త్వరగా ఎందుకు పాడవుతుందో అక్కడే ఉంది.

డ్రైయర్ అంటే తేమ పీల్చే గుళికలు నింపిన డబ్బా. గాలి లోపలికి వెళ్లేటప్పుడు గుళికలు తేమ పట్టుకుంటాయి. కారు దిగేటప్పుడు పొడి గాలి వాటి మీదుగా బయటికి పోతూ ఆ తేమని తీసుకుపోతుంది. అంటే డ్రైయర్ తనని తాను ఆరబెట్టుకుంటుంది. ఇప్పుడు బ్యాగుకి సన్న చిల్లు పడిందనుకోండి. గాలి లోపలికి వెళ్తూనే ఉంటుంది, బయటికి మాత్రం డ్రైయర్ గుండా రాదు, చిల్లు గుండా పోతుంది. గుళికలు తాగుతూనే ఉంటాయి, ఆరడం ఉండదు. మన దగ్గర ముప్ఫై డిగ్రీల ఎండలో, సముద్రం పక్క తేమలో, ఒక ఘనపు మీటరు గాలిలో ఇరవై గ్రాములకి పైనే నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని పదో వంతుకి నొక్కితే అందులో చాలా భాగం నీళ్లై తీరుతుంది. డ్రైయర్ నిండిపోయాక ఆ నీళ్లు నేరుగా వాల్వ్ బ్లాకులోకి వెళ్తాయి. అక్కడ వాల్వుల్లో కదిలే ప్లంజర్లు తుప్పు పడతాయి, అవి ఆనుకునే సీట్లు సరిగా మూసుకోవు, కొత్త లీకులు మొదలవుతాయి. అటు కంప్రెసర్ కూడా ఎక్కువసేపు తిరుగుతుంది. దాన్ని ఆగకుండా తిరగడానికి తయారు చెయ్యలేదు. నూనె లేకుండా టెఫ్లాన్ రింగు మీద నడిచే చిన్న పిస్టన్ అది, వేడెక్కితే రింగు అరుగుతుంది. అరిగితే ప్రెషర్ కట్టడానికి ఇంకా ఎక్కువసేపు తిరగాలి, ఇంకా వేడెక్కుతుంది. చిల్లుకుండలో నీళ్లు నిలవట్లేదని మోటారు మారుస్తారా ఎవరైనా?

ఇక వెతకడం. దీనికి స్కానర్ కన్నా ముందు కావాల్సినవి ఒక టేపు, ఒక పెన్ను, ఒక రాత్రి.

కారుని సమతలమైన నేల మీద పెట్టండి. విశాఖలో ఇదే పెద్ద చిక్కు. సీతమ్మధార, దసపల్లా హిల్స్, కిర్లంపూడి లాంటి చోట్ల సగం ఇళ్ల ముందు రోడ్డు ఏటవాలే. ఒక చక్రం కల్వర్టు మీద, ఇంకోటి ర్యాంపు మీద పెట్టి తెల్లారి కొలిస్తే ఆ కొలత ఎందుకూ పనికిరాదు. బరువు కింది వైపుకి పడి ఆ మూలే కొంచెం దిగుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లారు నయం, పెట్రోలు బంకు ఆవరణ ఇంకా నయం. ఇంజిన్ ఆపి, చక్రం మధ్య బిందువు నుంచి సరిగ్గా పైన మడ్‌గార్డు అంచు దాకా మిల్లీమీటర్లలో కొలవండి. ఆ అంచు మీద ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి కొలత దాని మీదే రాసెయ్యండి. నాలుగు మూలలా అంతే. నేల నుంచి కొలవకండి, టైర్లో గాలి తేడా కూడా అందులో కలిసిపోతుంది.

తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది: సస్పెన్షన్ కంట్రోల్ యూనిట్ ఫ్యూజు పీకెయ్యండి. ఎందుకంటే చాలా కార్లు తాళం వేశాక కూడా ఊరుకోవు. ల్యాండ్ రోవర్లయితే సుమారు ఆరు గంటలకోసారి లేచి ఎత్తులు చూసుకుంటాయి. ఒక మూల దిగిపోయి ఉంటే మిగతా మూడింటిని కూడా దాని స్థాయికి దించేస్తాయి. పొద్దున్న నాలుగు మూలలూ సమానంగా కూర్చుని ఉంటే "మొత్తం సిస్టమ్ పోయింది" అనిపిస్తుంది. నిజానికి లీకు ఒక్క చోటే ఉండొచ్చు. వాల్వులన్నీ కరెంటు లేనప్పుడు మూసుకునే రకం కాబట్టి ఫ్యూజు తీస్తే గాలి ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. అప్పుడు లీకున్న మూల ఒక్కటే దిగుతుంది.

పొద్దున్న మళ్లీ కొలవండి. అయిదు, పది మిల్లీమీటర్లు తగ్గితే కంగారు పడక్కర్లేదు. సాయంత్రం బండి నడిపి వచ్చినప్పుడు నలభై డిగ్రీలున్న గాలి తెల్లవారుజామున ఇరవై ఆరుకి చల్లబడితే దాని పరిమాణం నాలుగైదు శాతం తగ్గుతుంది. పైన బరువు మారదు కాబట్టి ప్రెషర్ అంతే ఉంటుంది, ఎత్తే తగ్గుతుంది. నాలుగు మూలలా దాదాపు సమానంగా తగ్గితే అది చలువ. ఒక్క మూల ముప్ఫై, నలభై మిల్లీమీటర్లు దిగితే అది లీకు.

ఒక మూలే దిగితే ఆ మూల బ్యాగు, దానికి వెళ్లే పైపు, లేదా బ్లాకులో ఆ మూల వాల్వు, ఈ మూడింట్లో ఒకటి. ముందు రెండూ కలిసి దిగితే రెండు బ్యాగులూ ఒకేసారి పోయాయని నమ్మే ముందు వాల్వ్ బ్లాకుని అనుమానించాలి. ఏ మూలా దిగకపోయినా పొద్దున్నే కంప్రెసర్ చాలాసేపు తిరుగుతోందంటే ట్యాంకు వైపు, దాని జాయింట్ల వైపు చూడాలి. లీకేమీ లేకుండా కారు ఒక పక్కకి వాలి ఉంటే, అందులోనూ ఒక మూల పైకి లేచి ఉంటే, అది గాలి సమస్య కాదు, సెన్సరుది. దాని సంగతి తర్వాత.

అనుమానం ఒక మూలకి కుదిరాక సబ్బు నీళ్లు. గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక వంతు, నీళ్లు నాలుగైదు వంతులు, స్ప్రే సీసాలో మెల్లగా కలపండి. గిలక్కొడితే ముందే నురగ వచ్చేసి బుడగ కనపడదు. జాకీ మీద చక్రం వేలాడుతుండగా పరీక్షించడం పెద్ద పొరపాటు. బ్యాగు ఎలా మడతపడి బరువు మోస్తుందో అదే స్థితిలో చూడాలి. రబ్బరు పగుళ్లు మడత దగ్గరే వస్తాయి, మడత కారు ఎత్తుని బట్టి కిందికీ మీదికీ జరుగుతుంది. అందుకే మామూలు ఎత్తులో ఒకసారి, పైకి లేపి ఒకసారి, స్టీరింగు రెండు వైపులా తిప్పి ఒకసారి చూడాలి. మామూలు ఎత్తులో చుక్క లీకు లేకుండా, లేపిన వెంటనే బుస్సుమనే బ్యాగులు ఉంటాయి.

ముందు స్ట్రట్లలో (బ్యాగు, షాక్ అబ్జార్బరు కలిసి ఉండే ముక్క) చిక్కేంటంటే రబ్బరు బయటికి కనపడదు. చుట్టూ అల్యూమినియం తొడుగు, కింద దుమ్ము పడకుండా రబ్బరు బూటు. అందుకే చిల్లున్న చోట బుడగ రాదు, బూటు కింది అంచు నుంచి వస్తుంది. అక్కడ సబ్బు కొట్టి అయిదు నిమిషాలు ఓపిక పట్టాలి. పెద్ద లీకయితే వెంటనే నురగ పొంగుతుంది. చిన్నదయితే గసగసాలంత బుడగలు ఒకదాని పక్కన ఒకటి గుంపుగా పుడుతూ, తెల్లటి గడ్డలా మెల్లగా పెరుగుతాయి. సన్న లీకుకి అదే గుర్తు. స్ట్రట్ పైన పైపు వచ్చి కలిసే నట్టు దగ్గర, బ్యాగుని పట్టుకునే క్రింపు రింగు చుట్టూ కూడా కొట్టండి. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు రోజూ తిరిగే కార్లలో ఆ రింగు కింద ఉప్పు చేరి అల్యూమినియం తెల్లగా పొంగిపోయి ఉంటుంది. రబ్బరు బాగానే ఉన్నా అక్కణ్నుంచి గాలి పోతుంది. బూటు చిరిగితే ఇంకో రకం నష్టం. సన్న ఇసుక తొడుగుకీ రబ్బరుకీ మధ్యకి చేరి, ప్రతి గతుక్కీ రబ్బరుని గీరుతుంది.

పైపుల్ని తక్కువ అంచనా వెయ్యొద్దు. నాలుగు, ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపులవి. సెల్లార్లలో ఎలుకలకి, పందికొక్కులకి అవంటే మహా ఇష్టం. పైపు కొరికేశాయంటే మొత్తం స్ట్రట్ మార్చమన్న కొటేషన్ కాస్తా వందల రూపాయల్లో తీరిపోతుంది.

సబ్బుకి ఏమీ దొరకలేదు, కారు మాత్రం దిగుతోంది. అప్పుడు బ్యాగునీ బ్లాకునీ విడదీసి చూడాలి. న్యూమాటిక్ సామాన్లు అమ్మే షాపులో పైపు సైజుకి సరిపోయే పుష్ ఫిట్టింగు టీ (మూడు దారుల జాయింటు) ఒకటి, ఒక ప్లగ్గు, టైరు వాల్వు లాంటిది ఒకటి దొరుకుతాయి. కారుని స్టాండ్ల మీద నిలబెట్టి, ఆ మూల గాలి పూర్తిగా వదిలి, బ్లాకు దగ్గర పైపు ఊడదీయండి. పైపు చివర టీ పెట్టి ఒక కొమ్మకి ప్లగ్గు, ఇంకో కొమ్మకి టైరు వాల్వు బిగించండి. బయటి కంప్రెసరుతో గాలి ఎక్కించి కారుని మామూలు ఎత్తుకి తెచ్చి రాత్రంతా వదిలెయ్యండి. పంక్చర్ షాపు కంప్రెసర్ చాలావరకు చాలుతుంది. పొద్దున్నకి నిలిచి ఉంటే బ్యాగు, పైపు రెండూ నిర్దోషులు, దొంగ బ్లాకులో ఉంది. దిగిపోతే బ్లాకుని ముట్టుకోవాల్సిన పని లేదు. వేలల్లో, లక్షల్లో తేడా వచ్చే నిర్ణయాన్ని ఇంత చిన్న టీ తేలుస్తుంది.

బ్లాకుని పట్టుకోవడానికి ఇంకో ఉపాయం ఉంది. ఫ్యూజు తీసేసి, కంప్రెసర్ గాలి వదిలే గొట్టం చివర నీళ్ల సీసాలో ముంచి చూడండి. ఏమీ నడవనప్పుడు కూడా బుడగలు వస్తున్నాయంటే మూసుకోవాల్సిన వాల్వు సరిగా మూసుకోవట్లేదు, గాలి వెనక్కి వచ్చి అక్కడినుంచి పోతోంది. ముంచిన సంగతి మర్చిపోయి కంప్రెసర్ ఆన్ చెయ్యకండి. కొన్ని మోడళ్లలో పీల్చేదీ వదిలేదీ ఒకే గొట్టం.

బ్లాకు పైపు ఊడదీసినప్పుడు రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. సన్నటి తెల్ల పొడి వేలికి అంటుకుంటే డ్రైయర్ గుళికలు నలిగి పిండయ్యాయని అర్థం. ఆ పొడి బ్లాకులోకి, పైపుల్లోకి వెళ్లిపోయింది. అప్పుడు బ్లాకుతో పాటు డ్రైయర్ మార్చాలి, పైపులన్నీ పొడి గాలితో ఊదాలి. బ్లాకు ఒక్కటే మారిస్తే కొన్నాళ్లకి ఆ పొడే మళ్లీ సీట్లలో కూర్చుంటుంది. బ్లాకుని విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఓ రింగులు (గాలి కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగులు) మార్చి నడిపించేవాళ్లు ఉన్నారు. తుప్పు పట్టకపోతే అది మంచి పనే. పెట్రోలు, డీజిలుతో మాత్రం కడగనివ్వకండి, ఓ రింగులు ఉబ్బిపోతాయి.

కరెంటు సంగతి క్లుప్తంగా. కంప్రెసర్ గట్టిగా కరెంటు లాగుతుంది, చాలా కార్లలో దానికి ముప్ఫై, నలభై ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. అంత కరెంటు ఏళ్ల తరబడి రిలే పాయింట్ల మీదుగా పోతే అవి కాలి, ఒక్కోసారి అతుక్కుపోతాయి. అతుక్కుంటే కారు ఆపినా కంప్రెసర్ ఆగదు, కాలిపోయేదాకా తిరుగుతూనే ఉంటుంది, బ్యాటరీ కూడా చస్తుంది. కంప్రెసర్ మార్చి వందల్లో దొరికే రిలే మార్చకుండా వదిలేసే షెడ్డుని ఏమనాలో మీరే చెప్పండి. బ్యాటరీ బలహీనంగా ఉంటే కంట్రోల్ యూనిట్ కంప్రెసరుని నడపనివ్వదు. బ్యాటరీ పరీక్షించకుండా స్కానర్లో సస్పెన్షన్ లోపాల కోడ్లు చదవడం కూడా దండగే.

లెవెల్ సెన్సరు ఒక చిన్న చెయ్యి, దానికి కింది ఆర్ముకి మధ్య పుల్ల లాంటి లింకు. ఆ లింకు చివర బంతి కీలు ఉప్పుకి తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, ఒకరోజు గతుకులో విరుగుతుంది. వెంటనే కంట్రోల్ యూనిట్‌కి తప్పుడు ఎత్తు తెలిసి, ఆ మూలని ఆకాశానికి లేపడమో నేలకి దించడమో చేస్తుంది. లింకు ఊడదీసి, స్కానర్లో లైవ్ డేటా పెట్టి, సెన్సరు చేతిని మెల్లగా కదిపితే అంకె కూడా మెల్లగా, గెంతకుండా మారాలి. మధ్యలో ఎగిరితే సెన్సరు పోయినట్టు. కనెక్టర్ విప్పి పచ్చటి తుప్పు ఉందేమో కూడా చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను నాటికి ఈ ఊళ్లోనే ఉన్న కారయితే కింది కనెక్టర్లన్నీ ఒకసారి విప్పి చూడటం మంచిది.

స్కానర్ అనగానే వెయ్యి రూపాయల బ్లూటూత్ డాంగిల్ గుర్తొస్తుంది. దాంతో సస్పెన్షన్ మాడ్యూల్‌లోకి వెళ్లడం సాధారణంగా కుదరదు. ఆడికి వీసీడీఎస్, మెర్సిడెస్‌కి జెంట్రీ, బీఎండబ్ల్యూకి ఇస్టా, ల్యాండ్ రోవర్‌కి గ్యాప్ టూల్ లాంటివి కావాలి. కోడ్ చెప్పింది కూడా యథాతథంగా నమ్మకూడదు. డిస్కవరీ 3లో తరచూ వచ్చే సీ1ఏ20 అర్థం, ట్యాంకు నింపేటప్పుడు ప్రెషర్ మరీ నెమ్మదిగా పెరుగుతోందని. అది కంప్రెసర్ పోయినా వస్తుంది, లీకున్నా వస్తుంది, పీల్చే గొట్టం మూసుకుపోయినా వస్తుంది. కంప్రెసర్ మార్చమని ఆ కోడ్ ఎక్కడా చెప్పలేదు, చెప్పింది దాన్ని చదివినాయన.

ఇప్పుడు కంప్రెసర్. లీకు లేదని తేలాక, లేదా లీకు బాగయ్యాక, దీని వంతు. ముందు పీల్చే దారి చూడండి. చిన్న ఫిల్టరు ఉంటుంది. కాన్వెంట్ జంక్షన్ నుంచి మల్కాపురం దాకా పోర్టు పక్క రోడ్ల మీద రోజూ తిరిగే కారయితే అది నల్లగా బొగ్గు ధూళితో బిగిసిపోయి ఉంటుంది. శబ్దం ఎక్కువగా ఉందంటే కంప్రెసర్ని పట్టుకునే రబ్బరు మౌంట్లు తెగాయేమో చూడండి. మౌంటు తెగితే బాడీకి తగిలి లారీలా మోగుతుంది, దాన్నే "లోపల అరిగిపోయింది" అనేస్తారు. తర్వాత అవుట్‌లెట్ దగ్గర గేజీ పెట్టి నడపండి. పది బార్ పైకి చకచకా ఎక్కుతూ పోతే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఏడెనిమిది దగ్గర ఆగిపోయి వేడెక్కుతుంటే రింగు అరిగింది. వేడెక్కినప్పుడు కంట్రోల్ యూనిట్ దాన్ని ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ నడుపుతుంది. "సాయంత్రం లేవలేదు, పొద్దున్న బాగానే లేచింది" అన్న ఫిర్యాదు వెనక కారణం చాలాసార్లు ఇదే.

రింగు ఒక్కటే అరిగితే మొత్తం కంప్రెసర్ కొనక్కర్లేదు. పిస్టన్ రింగు, సిలిండర్ స్లీవు, ఓ రింగులు కలిపి కిట్లు దొరుకుతాయి. హెడ్డు విప్పగానే నల్లటి మెత్తని పొడి ఉంటుంది, అది అరిగిన టెఫ్లాన్. స్లీవులో గోరు పెట్టి అడ్డంగా గీయండి, గీతలు గోటికి తగిలితే స్లీవు కూడా మార్చాలి. లోపల నూనె గానీ గ్రీజు గానీ ఒక్క చుక్క పెట్టకూడదు. మన మేస్త్రీలకి ఏది బిగించినా కాస్త గ్రీజు రాసే అలవాటు, ఇక్కడ అదే విషం. ఆ గ్రీజు టెఫ్లాన్ పొడితో కలిసి ముద్దయి డ్రైయర్లోకి పోతుంది. బేరింగు గరగరలాడుతుంటే మాత్రం కిట్టు మీద డబ్బు తగలెయ్యకుండా కొత్తది తీసుకోండి. డిస్కవరీ 3కి పాత హిటాచీ కంపెనీది బదులు ఏఎంకే కంపెనీ కంప్రెసర్ వేస్తే దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించాలి. అది వదిలేస్తే కొత్తదానికీ కోడ్లు వస్తూనే ఉంటాయి.

డ్రైయర్ గుళికలు సిలికా జెల్ అయితే నూట పది, నూట ఇరవై డిగ్రీల ఓవెన్లో రెండు గంటలు ఆరబెట్టి వాడొచ్చు. మాలిక్యులర్ సీవ్ రకానికి రెండు వందలు దాటాలి. పిండి రాలుతున్నా, నూనె మరక కనపడినా పారెయ్యండి. కొత్త కంప్రెసర్‌కి పాత డ్రైయర్ తగిలించడం మాత్రం ఏ రకంగా చూసినా తప్పే.

స్ట్రట్ మార్చేటప్పుడు జరిగే నష్టాలు మార్చకపోతే జరిగే నష్టాలకన్నా పెద్దవి. గాలి మీద నిలబడ్డ కారు కింద తల పెట్టకూడదు. పైపు తెగితే రెండు టన్నులు ఒక్కసారిగా దిగుతాయి. జాకీ ఒక్కటే చాలదు, స్టాండ్లు ఉండాలి. ఎత్తే ముందు జాక్ మోడ్ (సస్పెన్షన్ తనంతట తాను కదలకుండా ఆపే సెట్టింగు) ఉంటే పెట్టండి, లేకపోతే ఫ్యూజు తీయండి. పైపు నట్టు విప్పే ముందు ఆ మూల గాలి స్కానరుతో వదలండి. పాత పైపు చివర పాత కాలెట్ (పైపుని పట్టుకునే రింగు) కొరికిన గాడి ఉంటుంది, దాన్నే మళ్లీ దూర్చితే లీకు ఖాయం. బ్లేడు లాంటి పైపు కట్టరుతో చివర పది మిల్లీమీటర్లు అడ్డంగా, తిన్నగా కోసి కొత్త కాలెట్ వెయ్యాలి. కటింగ్ ప్లేయరుతో నొక్కి కోస్తే పైపు కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. నట్టు చేత్తో తిరిగినంత తిప్పి, చిన్న పానాతో రెండు వేళ్ల బలం చాలు. గట్టిగా బిగిస్తే ఇత్తడి మర పోతుంది.

కొత్త స్ట్రట్‌ని చేత్తో మెలిపెట్టకండి, లోపల రబ్బరు ముడతపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గాలి లేని బ్యాగు మీద కారు బరువు దించకూడదు. చక్రం వేలాడుతుండగానే స్కానరుతో గాలి నింపి, రబ్బరు మడత చుట్టూ సమానంగా విచ్చుకుందని చూసి, అప్పుడు అంచెలంచెలుగా దించాలి. ఖాళీ బ్యాగు మీద దించితే మడత లోపలికి పోయి, కొత్త స్ట్రట్ మొదటి రోజే చిరుగుతుంది. దాన్ని "డూప్లికేట్ మాల్" అని అమ్మినవాడి మీదికి నెడతారు. కింది ఆర్ముల బోల్టులు కారు మామూలు ఎత్తుకి వచ్చాకే ఆఖరి బిగింపు బిగించాలి, లేకపోతే బుష్షులు మెలిపడిపోయి త్వరగా తెగుతాయి.

సెన్సరు గానీ కంట్రోల్ యూనిట్ గానీ మారిస్తే ఎత్తు మళ్లీ నేర్పాలి. ఆడిలో 01437 అని కోడ్ ఉంటే అది నేర్పలేదనే అర్థం. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచుకి కొలిచి మిల్లీమీటర్లు స్కానర్లో ఇవ్వాలి. మెర్సిడెస్ పద్ధతి వేరు, ఆర్ముల వంపుని డిగ్రీల్లో కొలిచే మీటరు కావాలి. అది లేకుండా కంటి అంచనాతో "లెవెల్ చేశాం సార్" అంటే ఒక టైరు లోపలి అంచు ముందే అరుగుతుంది. చివర్లో వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించాలి.

ఇక కాయిల్ స్ప్రింగుల సంగతి. గాజువాక ఆటోనగర్‌లో అడిగినా, నెట్లో వెతికినా, "ఈ గాలి గోలంతా ఎందుకు, స్ప్రింగులు వేసేద్దాం" అనేవాళ్లే ఎక్కువ. గతుకుల మీద గాలి సస్పెన్షన్ నిలవదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. డిస్కవరీని చేసిందే అలాంటి రోడ్ల కోసం. నిలవనిది పదిహేనేళ్ల రబ్బరు. స్ప్రింగులు వేశాక మీటరులో వార్నింగు పోదు, దాన్ని ఆర్పడానికి ఇంకో పెట్టె పెట్టాలి. అడాప్టివ్ డ్యాంపర్లు (రోడ్డుని బట్టి బిగుతు మార్చుకునే షాక్ అబ్జార్బర్లు) ఉన్న కారయితే వాటి పనితీరు కూడా పోతుంది. ఏడుగురు కూర్చుని అనంతగిరి ఘాటెక్కితే వెనక భాగం కుంగుతుంది, హెడ్‌లైట్లు ఆకాశంలోకి కొడతాయి. అయినా ఒక సందర్భంలో అది సబబే: ముందు రెండు స్ట్రట్ల ఖర్చు కారు అమ్మకం ధరలో సగం దాటి, యజమాని దాన్ని ఊళ్లోనే వాడుకుంటానంటే. అప్పుడు కూడా నాలుగు మూలలకీ సరైన కిట్టు వెయ్యాలి. ముందు స్ప్రింగులు, వెనక గాలి అన్న అతుకులబొంత వద్దు.

ఢిల్లీ నుంచి వచ్చే పాత సామాన్లలో సెన్సరు, ట్యాంకు, బ్లాకు పరీక్షించి కొనొచ్చు. పాత స్ట్రట్ మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. తుడిచి పాలిష్ చేసినా రబ్బరు వయసు తగ్గదు. రబ్బరు మార్చిన రీబిల్ట్ స్ట్రట్లలో డ్యాంపరు పాతదే ఉంటుంది, లోపల ఆయిలు కారుతోందా అని చూసి తీసుకోండి. ఒక వైపు బ్యాగు వయసు వల్ల పగిలితే ఆ ఇరుసుకి రెండో వైపు కూడా డబ్బు దాచుకోండి, దాని పుట్టినరోజూ అదే. నాలుగూ ఒకేసారి మార్చమంటే మాత్రం కారణం అడగండి.

పని అయ్యాక బండి తీసుకునే ముందు షెడ్డులోనే టేపు అంటించి, ఫ్యూజు తీసి, ఒక రాత్రి అక్కడే ఉంచమనండి. "ఏం అవసరం లేదు సార్, గ్యారంటీ" అంటే ఇంకో రోజు ఆగడం మీకు ఇబ్బంది కాదని చెప్పండి. పొద్దున్న కొలతలు నిలిచి ఉండాలి. స్టార్ట్ చేశాక కంప్రెసర్ కాసేపట్లో ఆగిపోవాలి. ఆ తర్వాత వారం రోజులు ఎంతసేపు తిరుగుతోందో చెవి పెట్టి వినండి. రోజురోజుకీ పెరుగుతుంటే ఇంకా ఎక్కడో లీకుందన్నమాట, వెంటనే వెనక్కి తీసుకెళ్లండి. బీచ్ రోడ్డు బండి అయితే నెలకోసారి కింది భాగం మంచినీళ్లతో కడిగించండి. ప్రెషర్ గన్ ముక్కు మాత్రం స్ట్రట్ బూటు మీదికి తిప్పనివ్వకండి.